సాబ్ బూటు తడవకూడదు

దేశానికి రోడ్లు, జెట్టీలు, ఆస్పత్రులు ఎందుకండీ? అధికారి బూటు తడవకుండా ఉంటే చాలు, పరిపాలన దానంతటదే సాగిపోతుంది! నవ్వకండి. కావాలంటే మాయాబందర్ అవతల జాలరి బస్తీ పెద్ద నూకన్నను అడగండి.

తెల్లదొరలు పోతూ పోతూ మన సివిల్ సర్వీసుకు డవాలు బంట్రోతును, టూరు ప్రోగ్రామును, పొడి బూటును అప్పజెప్పి వెళ్లారు. స్వతంత్రం వచ్చాక శ్రీకాకుళం తీరం నుంచి సముద్రం దాటి వచ్చి ఈ దీవిలో గుడిసెలు వేసుకున్న జాలర్లు ఆ బూటును కళ్లల్లో పెట్టుకుని కాపాడారు. సాబ్ వస్తున్నారంటే చాలు, నిండు పోటు వేళకే లాంచీ చేరేలా నూకన్న ముందే కబురు పంపేవాడు. నీళ్లు గట్టును తాకేవి. సాబ్ ఒక్క అడుగులో దిగేవారు. జెట్టీ కావాలని ఊరంతా మొరపెట్టుకుంటే చుట్టూ చూసి, ఇంత హాయిగా దిగాను కదా, ఇంకా జెట్టీ దేనికనేవారు. వచ్చిన ప్రతి సాబ్‌దీ అదే మాట! సర్వీసులో అంత ఐకమత్యం మరెక్కడైనా ఉందా?

పోటు తగ్గి నీరు తీసేశాక అక్కడ మోకాటి లోతు బురద మిగులుతుందని పాపం వాళ్లకెలా తెలుస్తుంది? కిందటేడు బస్తీలో అసిరమ్మకు నొప్పులు వచ్చింది ఆ వేళే. ఆస్పత్రికి తీసుకెళ్లడానికి మిగిలిన ఒక్క పడవ బురదకు అవతల ఉంది. మోసే మగవాళ్లంతా వేటకు పోయారు. పోటు కోసం కూర్చున్నారు. బిడ్డ దక్కలేదు. టూరు ప్రోగ్రాము లేకుండా నొప్పులు రావడం ఎవరి తప్పు?

ఇప్పుడు నూకన్న కూతురు రామలక్ష్మికి నెలలు నిండుతున్నాయి. అతనికి కంటిమీద కునుకు లేదు. కొత్త సాబ్ వస్తున్నారని తెలిసి భార్య కామమ్మ పట్టుబట్టింది. ఈసారి నీరు తీసిన వేళకే రప్పించమంది. నూకన్న సరేనన్నాడు. చేజేతులా సంప్రదాయాన్ని మంటగలిపాడు!

లాంచీ దూరంగా ఆగింది. చిన్న పడవ సాబ్‌ను బురద అంచుకు చేర్చింది. ఆయన బురదను చూశారు, బూట్లను చూసుకున్నారు. అంతే, నూకన్న నడుం దానంతటదే వంగిపోయింది. పెద్దమనిషిని బురదలో దింపితే ఊరి పరువేం కాను? మరో ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. సాబ్ నాలుగు భుజాల మీదికెక్కి, దారి బాగానే ఉందే అని మెచ్చుకుంటూ సగం దూరం వచ్చేశారు.

గట్టు మీద కామమ్మ నిలబడి ఉంది. పక్కన నడుం పట్టుకుని రామలక్ష్మి.

"సాబ్‌ని దించెయ్యండి. నా కూతురు నడిసే దోవే గదా, ఆరూ నడుత్తారు" అంది కామమ్మ.

నూకన్న కూతురి వంక చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. దించేశాడు.

సాబ్ మోకాళ్ల దాకా దిగబడ్డారు. ఒక బూటు బురదే ఉంచేసుకుంది. ఇక్కడ జెట్టీ ఎందుకు లేదని ఆయన హిందీలో మండిపడ్డారు.

"ఇన్నాల్లూ మేమే జెట్టీ, సాబ్" అన్నాడు నూకన్న చేతులు కట్టుకుని.

వారం తిరక్కుండానే బురదలో జెట్టీ దుంగలు దిగాయి. కాన్పుకు రామలక్ష్మి వాటి మీద నడిచే పడవెక్కింది. చూశారా, ఎంతటి సంప్రదాయం ఎలా పాడైపోయిందో! అందుకే ఢిల్లీ పెద్దలకు నా మనవి ఒక్కటే. సర్వీసు పదికాలాలు చల్లగా ఉండాలంటే, అధికారులెవరినీ కాలు కింద పెట్టనివ్వకండి!