సోలారుకి గోనెదుప్పటి

సోమవారం పొద్దున జగన్నాధం వేసుకున్న పథకం చాలా చిన్నది. డాబా మీద సోలార్ హీటర్ బిగిస్తుంటే దగ్గరుండి చూసుకోవాలి, పాత రాగి బాయిలర్‌ను పక్కింటి పోతురాజుకు ఇచ్చెయ్యాలి, భోంచేసి కాసేపు నడుం వాల్చాలి. మధ్యాహ్నం రెండయ్యేసరికి కునుకు తప్ప అన్నీ పూర్తయ్యాయి. అక్కడితో ఆగి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. కానీ నెల్లిమర్ల జూట్‌మిల్లులో ముప్ఫై రెండేళ్లు గోనెసంచులు కుట్టి రిటైరైన మనిషి, ఇంటికొచ్చిన కొత్త వస్తువును ఒంటిమీద బట్ట లేకుండా ఎలా వదిలేస్తాడు?

ఆ ఇంట్లో తొడుగు లేని వస్తువంటూ లేదు. ఫ్రిజ్జుకు గోనె తొడుగు, దానికి పూలంచు. మిక్సీకి ఒకటి, ఇన్వర్టరుకు ఒకటి. టీవీ రిమోటు ప్లాస్టిక్ సంచిలోంచే పనిచేస్తుంది. కుర్చీలు కొని మూడేళ్లయినా వాటిమీది కంపెనీ కాగితం చిరగలేదు, చిరగనివ్వలేదు. ఇంట్లో ఇంకా గోనె కప్పనిది తనొక్కతే అని అతని భార్య ఈశ్వరి చుట్టాలందరితో చెప్పి నవ్విస్తుంది.

అసలు ఈ సోలారు తెప్పించడానికి కారణం మనవరాలు. కూతురు హేమను సాలూరులో లారీ ఆఫీసు నడిపే దేవేంద్రకు ఇచ్చారు. పోయిన కార్తీకంలో హేమ నాలుగు నెలల పిల్లతో పదిహేను రోజులుందామని వచ్చింది. ఈశ్వరి రోజూ కొబ్బరి డొక్కలు ఎగదోసి బాయిలర్‌లో నీళ్లు కాచేది. రెండోరోజుకే ఆ పొగ ఇల్లంతా కమ్మి పిల్లకు దగ్గు పట్టుకుంది. మూడోరోజున హేమ సాలూరు బస్సెక్కేసింది. పొగ లేకుండా నీళ్లు కాగిన రోజున ఫోన్ చెయ్యండి, నెల్లాళ్లు ఉంటానని వెళ్తూ వెళ్తూ చెప్పింది. జగన్నాధం ఆ మాటను నాలుగు నెలలు గుండెల్లో పెట్టుకున్నాడు. సోలారు వస్తోందని తెలియగానే ఫోన్ చేసేశాడు. ఆదివారం వస్తామన్నారు. దేవేంద్ర భోంచేసి, సాయంత్రం బండికి తిరిగి వెళ్లిపోతాడు. నీళ్ల సంగతి తేలకపోతే పెళ్లాన్నీ పిల్లనూ వెంటబెట్టుకునే వెళ్తాడు.

అందుకే ఆ సోలారు అతనికి ఫ్రిజ్జుకన్నా, టీవీకన్నా ఎక్కువైపోయింది. పైగా హీటర్ బిగించిన కుర్రాడు పృథ్వీరాజ్ దిగిపోతూ, "గాజు గొట్టాలు సార్, జాగ్రత్త. కోతులుంటాయి కదా ఇటు," అన్నాడు. రామతీర్థం కొండవైపు నుంచి అప్పుడప్పుడూ ఊరిమీద పడే కోతులు జగన్నాధం కళ్లముందు వరసగా నిలబడ్డాయి. కునుకు మాట మరిచిపోయి దబ్బనం, పురికొస తీసి, రెండు పొరల గోనె పరిచి, సాయంత్రానికి కొలతకు సరిగ్గా తొడుగు కుట్టేశాడు. డాబా ఎక్కి సోలారుకు తొడిగి, నాలుగు మూలలా ముళ్లు వేశాడు. దర్జీ కుట్టిన చొక్కాలా అమిరింది. ఆ రాత్రి అతను హాయిగా నిద్రపోయాడు.

కప్పితే వేడి ఎలా తగులుతుందన్న ఆలోచన అతనికి రాలేదనుకుంటే పొరపాటు. వచ్చింది, దానికి జవాబు కూడా ఉంది. పచ్చి మామిడికాయలు గడ్డిలో పేర్చి గోనె కప్పితే రెండోరోజుకు లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది. గోనె వేడిని తెస్తుందేగాని ఆపదు. ఇది అతను చిన్నప్పటినుంచీ చేత్తో పట్టి చూసిన నిజం. కాబట్టి తొడుగుతో రెండు లాభాలనుకున్నాడు. ఒక వస్తువుకు తొడుగు వేశానని ఇంట్లోవాళ్లకు చెప్పడం అతనికి అలవాటు లేదు. ఈశ్వరి మోకాళ్ల నొప్పులతో డాబా ఎక్కి రెండేళ్లయింది.

మంగళవారం పొద్దున ఈశ్వరి కుళాయి తిప్పి చెయ్యి పెట్టింది. నూతిలో నీళ్లే నయం. ఫోన్ చేస్తే, మొదటిరోజు అలాగే ఉంటుంది, రేపు చూడమన్నాడు పృథ్వీరాజ్. బుధవారం కూడా అంతే. ఈసారి ఈశ్వరి ఫోన్‌లో కాస్త గట్టిగానే మాట్లాడింది. సాయంత్రం అయిదింటికి వీధి మలుపులో అతని మోటార్‌సైకిల్ చప్పుడైంది.

ఆ చప్పుడు వినగానే జగన్నాధం చకచకా డాబా ఎక్కి ముళ్లు విప్పి, తొడుగు తీసి, మడతపెట్టి మూలనున్న ఇటుకల వెనక పెట్టాడు. ఇందులో దాపరికమేమీ లేదు. ఇంటికి ఎవరైనా వస్తే కుర్చీల మీది గుడ్డలు తీసెయ్యడం మర్యాద. కంపెనీ మనిషి వస్తుంటే అతని వస్తువును ముసుగులో చూపించడం ఏం బాగుంటుంది?

పృథ్వీరాజ్ గొట్టాలు తట్టి చూశాడు. పైపులు తడిమాడు, తొట్టి మూత తీశాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. అతనికి చెమటలు పోశాయి గాని నీళ్లు మాత్రం వేడెక్కలేదు. చివరికి పడమటివైపు చూస్తే పోతురాజు కొబ్బరిచెట్టు కనిపించింది. దాని రెండు మట్టల నీడ సోలారు మీద అడ్డంగా పడి ఉంది.

"అదే సార్ ప్రాబ్లం. ఆ రెండు మట్టలు కొట్టిస్తే సరి," అన్నాడు, ఒడ్డున పడ్డవాడిలా.

అతను వెళ్లగానే జగన్నాధం తొడుగు మళ్లీ తొడిగి, తిన్నగా పోతురాజు ఇంటికి వెళ్లాడు. ఇద్దరూ మిల్లులో ఒకే షిఫ్టు, ఒకే బెంచీ. అడగడమే ఆలస్యం, మట్టలు కొట్టించేస్తాడనుకున్నాడు. కానీ ఆ చెట్టు పోతురాజుకు ఉద్యోగమైన రోజున నాటింది. ఇద్దరు కొడుకులను పేరుపెట్టి ఎన్నిసార్లు పిలిచాడో తెలియదు గాని, ఆ చెట్టు గెలలు మాత్రం రోజూ చూసుకుంటాడు.

"నీ నీల్లు కాగలేదని నా సెట్టు సేతులు నరకమంటావేట్రా?" అన్నాడు పోతురాజు.

"రెండు మట్టలేరా. సేతులు కాదు."

"రేపు మా డాబా నీడ కూడా అడ్డమంటావు. ఒద్దురా బాబూ. నీ బాయిలరు నువ్వు అట్టుకుపో, నా సెట్టు నాకు ఒగ్గెయ్."

జగన్నాధం బాయిలర్ పట్టుకెళ్లలేదు. మర్నాడు పొద్దున పోతురాజే దాన్ని నెత్తిన పెట్టుకొచ్చి గేటు ముందు దించి వెళ్లిపోయాడు. ఆ రోజునుంచి తన అరుగు మీద ఇటు వీపు పెట్టి కూచోవడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్ల స్నేహం మూడు రోజుల్లో మూతి ముడుచుకుంది.

గేటు దగ్గర బాయిలర్‌ను చూడగానే ఈశ్వరికి మండుకొచ్చింది. పెళ్లైన నాటినుంచీ దాని ముందు కూచుని ఊదీ ఊదీ ఆమె కళ్లు పాడయ్యాయి. వెళ్లిపోయిన పీడ తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

"సూడు బావా," అంది. జగన్నాధం ఆమెకు మేనత్త కొడుకు. "ఆదివారం నాటికి నీల్లు కాగితే సరి. నేదంటే దాని కింద పొయ్యి నువ్వే ఎలిగించు. గుంటకి మల్లీ దగ్గొస్తే అల్లుడికి నువ్వే సెప్పుకో."

ఆ మాట జగన్నాధానికి ములుకులా గుచ్చుకుంది. మనవరాలు మళ్లీ దగ్గుతూ బస్సెక్కడం కళ్లముందు కదిలింది. తనవల్ల అయ్యే సాయం ఏముందా అని ఆలోచించి, శుక్రవారం పొద్దున ఆ తొడుగుకు మూడో పొర కూడా వేసి కుట్టాడు.

శనివారం ఈశ్వరి తనే పక్కింటికి వెళ్లింది. పోతురాజు భార్య అమ్మడుతో గంటసేపు కూచుంది. ఆడవాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు గాని, ఆదివారం ఎనిమిదింటికల్లా కొబ్బరిచెట్లు ఎక్కే ధనరాజు నడుముకు కత్తి కట్టుకుని వచ్చాడు. పోతురాజు అరుగు మీద మరో అంగుళం అటు తిరిగి కూచున్నాడు. ధనరాజు సగం చెట్టు ఎక్కేసరికి వీధిలో ఆటో ఆగింది. పిల్లనెత్తుకుని హేమ, సంచీలతో దేవేంద్ర దిగారు. ఫోన్ మీద ఫోన్ చేసి ఈశ్వరి రప్పించిన పృథ్వీరాజ్ కూడా అప్పుడే వచ్చి, అందరితోపాటు తలెత్తి చెట్టుకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఒక మట్ట పడింది. రెండో మట్ట పడింది. అది పడ్డప్పుడు పోతురాజు కళ్లు మూసుకున్నాడు. ధనరాజు కత్తి నడుముకు దోపుకుని, దిగబోతూ జగన్నాధం డాబాకేసి చూసి ఆగిపోయాడు.

"జగన్నాధం బాబూ," అని పైనుంచి పిలిచాడు, "దానికి ఎండ తగల్లేదని కదేటి ఇయ్యి కొట్టమన్నారు?"

"అవును."

"మరి దానికి ఆ గోనెదుప్పటెందుకు కప్పినారు? సలేస్తందేటి?"

పృథ్వీరాజ్ రెండేసి మెట్లు దూకుతూ డాబా ఎక్కాడు. పైనుంచి "సార్" అని ఒక్కసారి, నీరసంగా వినబడింది.

ఈశ్వరి మొగుడికేసి తిరిగి, ఆ గోనె ఏటి బావా అని మెల్లగా అడిగింది. ఆ మెల్లదనం జగన్నాధానికి ఎప్పుడూ మంచి చెయ్యలేదు. అయినా అతను తప్పు చేసినవాడిలా కాకుండా, తెలిసినవాడిలానే చెప్పుకొచ్చాడు. కోతుల సంగతి చెప్పాడు, మామిడికాయల సంగతి చెప్పాడు.

"గోనె కప్పితే కాయలకి అంత వేడి వస్తాది కదా. నీల్లకెందుకు రాదు?" అని ముగించాడు.

అమ్మడు నిజమే కదా అన్నట్టు తలూపింది. దేవేంద్ర సంచీలు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"మావయ్యా, కాయలకి వేడి లోపల్నించి పుడతాది. నీల్లకి పైనించి రావాల."

జగన్నాధం ముఖం అప్పుడు వాడిపోయింది. వారం రోజులుగా పిల్లకోసమని తను చేసిన ప్రతి పనీ పిల్లను తిప్పి పంపడానికే చేశాడు. ప్రాణస్నేహితుడు వీపు తిప్పుకున్నాడు. చెట్టుకు రెండు మట్టలు పోయాయి. అతను ఎవరి ముఖమూ చూడలేక చెప్పులవైపు చూస్తూ నిలబడ్డాడు. హేమకు నాన్నను చూస్తే జాలేసింది. దేవేంద్ర గడియారం చూసుకుని, తన బండి అయిదింటికి కదా, అంతవరకూ చూద్దామన్నాడు.

తొడుగు ఊడింది. ఫాల్గుణం చివర, మబ్బు తునకైనా లేదు. జగన్నాధం భోజనానికి కూడా కిందికి రాకుండా నెత్తిన తువ్వాలు వేసుకుని సోలారు పక్కనే కూచున్నాడు. కోతులొస్తే తోలడానికన్నాడు గాని, ఎండ సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవడానికేనని అందరికీ తెలుసు. మూడున్నరకు ఈశ్వరి కుళాయి తిప్పింది. మొదట చల్లగా, తర్వాత గోరువెచ్చగా, ఆ తర్వాత చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కునేలా వచ్చాయి.

ఈశ్వరి పీట మీద కూచుని కాళ్లు చాపి, మనవరాల్ని కాళ్లమీద పడుకోబెట్టుకుని ఒంటికి నూనె రాసి నీళ్లు పోసింది. పొగ లేదు, దగ్గు లేదు. పిల్ల ఒక్కసారి చిన్నగా మూలిగి, తువ్వాలు చుట్టేలోపే నిద్రపోయింది. ఈశ్వరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ స్నానాలగదిలో పొయ్యి ఊదకుండా ఆమెకు కళ్లనీళ్లు రావడం అదే మొదలు. దేవేంద్ర అయిదింటి బండికి ఒంటరిగా వెళ్లాడు.

బాయిలర్ మళ్లీ పక్కింటికి చేరింది. ఈసారి దాన్ని జగన్నాధమే నెత్తిన పెట్టుకుని వెళ్లి, అరుగు మీద పోతురాజు పక్కన దించి, తనూ కూచున్నాడు. క్షమాపణ లాంటి మాటలు ఆ ఇద్దరికీ రావు. పాత షిఫ్టు సంగతులు మాట్లాడుకున్నారు, టీ తాగారు. మూడు పొరల తొడుగును ఈశ్వరి చేతికందిన వెంటనే అమ్మడుకు ఇచ్చేసింది. చైత్రం వచ్చేసరికి అది పోతురాజు ఇంట్లో మామిడికాయల మీద ఉంది.

అదే చైత్రంలో ఎండలు ముదిరి, సోలారు నీళ్లు కుతకుతలాడడం మొదలుపెట్టాయి. తొట్టి మీద గొట్టంలోంచి పొద్దస్తమానం ఆవిరి బుస్సుమంటోంది. పిల్ల స్నానానికి తెల్లవారే నీళ్లు పట్టి చల్లారబెట్టుకోవలసి వస్తోంది. ఒకరోజు పృథ్వీరాజ్ పిలవకుండానే వచ్చి, డాబా ఎక్కకుండా గుమ్మంలోనే నసుగుతూ నిలబడ్డాడు. వేసవిలో సగం గొట్టాలకు గుడ్డ కప్పుకోవాలట. విజయనగరం నుంచి ఇక్కడిదాకా ఇళ్లన్నిటిలోనూ ఇదే గొడవట. కంపెనీ తొడుగులు ఇంకా రాలేదట.

"సార్, మీరు అప్పుడు కుట్టారు కదా, కొలత సరిగ్గా. అలాంటివి సగం సైజులో ఓ ఇరవై కుట్టి పెడతారా?" అన్నాడు.

జగన్నాధం ఈశ్వరికేసి చూశాడు. ఈశ్వరి లోపలికి వెళ్లి దబ్బనం తెచ్చి అతని చేతికిచ్చింది. ఆ సాయంత్రం అతను పాత తొడుగు కోసం పక్కింటికి వెళ్లి, మామిడికాయలు పక్కకు తీసి, దాన్ని దులిపి, అరుగు మీదే పరిచి కత్తిరించడం మొదలుపెట్టాడు. అతని ముఖం వెలిగిపోతోంది. చాలా రోజుల తర్వాత మిల్లులో ఉన్నట్టుంది అన్నాడు. పోతురాజు పురికొస అందిస్తూ, అంతా విని, డాబా మీది ఆవిరినీ తన కొబ్బరిచెట్టునూ మార్చి మార్చి చూశాడు.

"ఆ రెండు మట్టలూ ఉంచుంటే," అన్నాడు, "నీకీ కుట్టుపని తప్పేది కదరా."