ఉత్తరాలక్కకు తొంభై ఒక్క మార్కులు

“లోకంలో నేరస్థులు రెండే రకాలు, బావమరిదీ. నాకు దొరికిపోయినవాళ్ళు, నా కంట ఇంకా పడనివాళ్ళు.”

మా బావ స్పేరుపార్టుల గదిలో, రబ్బరు బెల్టుల కట్ట మీద కాలు పెట్టి ఈ ప్రకటన చేశాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని డేగకన్ను అంటారు. ఆ పేరు ఆయనే పెట్టుకున్నాడు. మొదటి రకం వాళ్ళు ఇప్పటికి ఎంతమంది అని నేను అడగలేదు. మా అక్క మొగుడు, పైగా నా పక్క టేబులు. ఇంటా బయటా తప్పించుకునే దారి లేదు.

మా కంపెనీ మిక్సీలు, గీజర్లు, వాషింగ్ మెషిన్లు అమ్ముతుంది. మూడు నెలల కిందట ప్రతి కంప్యూటరులోనూ మనసు మీటరు అనేదొకటి పెట్టారు. మనం రోజంతా మాట్లాడేది వింటుంది. లోపల దిగులెంత, కోపమెంత అని వందకు మార్కులు వేస్తుంది. నలభై లోపు పచ్చదీపం. ఎనభై దాటితే ఎర్రదీపం, వెనకాలే ఎర్రచీటీ. చీటీ అందుకున్నవాళ్ళు పనికొస్తారో లేదో వెల్ఫేర్ ఆఫీసరు తేలుస్తాడు. ఇప్పటికి ఇద్దరికి తేల్చాడు. ఇద్దరి కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి.

మూడో చీటీ ఉత్తరాలక్కకు వచ్చింది. తొంభై ఒక్క మార్కులు. ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి విచారణ.

ఉత్తరాలక్క మెట్ల కింది గదిలో ఒక్కతే కూర్చుని, కంపెనీకి వచ్చే ఉత్తరాల పని చూస్తుంది. పదిహేనేళ్ళ సర్వీసు. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. నవ్విందంటే మూడో అంతస్తుకు వినిపిస్తుంది.

“ఆమెకు అంత దిగులేంటి బావా?”

“నిండుకుండ తొణకదు. తొణికిందంటే ఎవరో కదిలించారు. ఆ చెయ్యి ఎవరిదో పట్టుకుని ఉత్తరాలక్క ఉద్యోగం నిలబెడతాను. పద.”

ఉత్తరాలక్క భోజనానికి వెళ్ళగానే ఆమె గదిలో దూరాం. డేగకన్ను తల మెట్టుకు కొట్టుకుంది. వేలిముద్రల కోసమని బల్ల మీద పౌడరు చల్లి, తానే పీల్చి, ఏడుసార్లు తుమ్మాడు. ఆ తుమ్ములకు ట్రేలోంచి ఒక కాగితం ఎగిరి ఆయన పొట్ట మీద వాలింది. చదివాడు. మొహం పాలిపోయింది.

“బావమరిదీ, ఇది దిగులు కేసు కాదు. హత్య కేసు.”

“ఏదీ, చూడనీ.”

“సాక్ష్యం చేతులు మారకూడదు,” అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడింటికి వెల్ఫేర్ ఆఫీసరు గది తలుపు బయట చెవులు ఆనించి నిలబడ్డాం. సందులోంచి చూస్తే, అక్క ఒళ్ళో సంచి ఉంది. అందులో టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, గదిలోని గోడ గడియారం. అన్నీ సర్దుకునే వచ్చింది.

“ఏం విని అన్ని మార్కులు వేసింది సార్?”

“అది చెప్పదమ్మా. మార్కులే చెబుతుంది.”

“నాకే బాధా లేదు సార్.”

“బాధ లేదనడం కూడా ఒక లక్షణమేనని ఇందులో రాసుంది. సంతకం పెట్టండి. ఆరు నెలలు జీతం లేని సెలవు. తర్వాత చూద్దాం.”

అక్క పెన్ను అందుకుంది. డేగకన్ను తలుపు తోశాడు. అది లాగాల్సిన తలుపు. రెండోసారికి లోపలికెళ్ళాడు.

“ఆగండి. ఈమె బాధితురాలని నమ్మి వచ్చాను. కానీ సత్యం నిప్పులాంటిది. వినండి.”

కాగితం విప్పి, వణికే గొంతుతో, కళ్ళ నీళ్ళు తిరుగుతుండగా చదివాడు.

“‘ఆర్నెల్ల కిందట మా ఇంట్లో అడుగుపెట్టింది. ఆ రోజు నుంచి మాకు మనశ్శాంతి లేదు. తెల్లారకముందే ఊగిపోతూ అరుస్తుంది. కడుపు నిండా నీళ్ళు తాగి ఇల్లంతా కక్కుతుంది. వారంలోగా మీరొచ్చి తీసుకుపోకపోతే మేడ మీంచి తోసేస్తాను.’ ఈమె తోసేది అత్తగారినా, ఆడపడుచునా? తేలాల్సింది అదొక్కటే.”

ఆఫీసరు టేబులు మీద ఎర్రదీపం భగ్గుమంది.

“తొంభై ఆరు,” అన్నాడు ఆఫీసరు. “ఈమె కంటే ఐదెక్కువ. మీరు ఏ సెక్షను బాబూ?”

“నా బాధ కాదు సార్ అది, ఈమె...”

అక్క లేచి కాగితం లాక్కుంది. “ఇది నీ దగ్గరుందా అన్నా? గదంతా వెతికాను. ఎవరో పెద్దాయన వాషింగ్ మెషిన్ గురించి రాసింది. ఇంకా చదివి ఎక్కించలేదు.”

“చదివి ఎక్కించడమేంటి?” అన్నాడు ఆఫీసరు.

“ఫిర్యాదు ఉత్తరాలు సార్. పోయిన నెల టైపు చేసేవాళ్ళని తీసేశారు కదా. అప్పట్నుంచి నేను పైకి చదివితే కంప్యూటరు విని రాసుకుంటోంది. చప్పగా చదివితే సగం మాటలు మింగేస్తుంది. అందుకని రాసినవాళ్ళ కోపంతోనే చదువుతాను. రోజుకో వంద.”

అంటే మీటరు నెలరోజులుగా మార్కులు వేస్తున్నది ఊళ్ళో మిక్సీలకు, గీజర్లకు.

“మనకింకా ఉత్తరాలు వస్తున్నాయా?” అన్నాడు ఆఫీసరు. సెలవు కాగితం రెండుగా చింపాడు. అప్పుడు మొదటిసారి కంప్యూటరు తెర మీంచి కళ్ళు తిప్పి అక్క వైపు చూశాడు. “ఇంతకీ ఎలా ఉన్నారమ్మా?”

“బాగానే ఉండేదాన్ని సార్. చీటీ వచ్చి తొమ్మిది రోజులైంది. కంటి మీద కునుకు లేదు. ముద్ద దిగట్లేదు. పిల్లల మొహం చూడాలంటే భయమేస్తోంది.”

నింపాదిగా, లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పింది. టేబులు మీద పచ్చదీపం వెలిగింది. పదకొండు మార్కులు.

ఆఫీసరు ఆ దీపం వైపు చాలాసేపు చూసి, దాని మీద ఫైలు బోర్లించాడు. “రెండు రోజులు జీతంతో సెలవు తీసుకోండి. నిద్రపోండి.”

బయటికి రాగానే డేగకన్ను చొక్కా సర్దుకున్నాడు. “మొదట్నుంచీ నా అనుమానం మెషిన్ మీదే, బావమరిదీ.”

“ఏ మెషిన్ మీద బావా?”

ఆలోచిస్తుండగా ఆయన ఫోను మోగింది. ఎర్రచీటీ. రేపు మూడింటికి విచారణ. మా బావ గోడకు చేరగిలబడ్డాడు.

“భయపడకన్నా,” అంది అక్క, సంచిలోంచి గడియారం తీసి చంకన పెట్టుకుంటూ. “రేపు లోపలికెళ్ళాక ఏం చెప్పినా చప్పగా చెప్పు. పాసైపోతావు.”