మూడో గుండీ

రేవాగంజ్ ప్రభుత్వ వైద్య కళాశాలలో ర్యాగింగ్ అన్న మాట కూడా మిగల్లేదని డీన్ డాక్టర్ గజానన్ చౌక్సే గారు సోమవారం విలేకరులను పిలిచి, అటుకుల పోహా, జిలేబీ పెట్టి మరీ ప్రకటించారు. మాట మిగలనిది నిజమే. సీనియర్లు దాన్ని 'పరిచయం' అంటున్నారు. ఈ ఘనకార్యానికి ప్రశంసాపత్రం ఇవ్వడానికి బుధవారం వైద్యవిద్యా మంత్రి గారే స్వయంగా రానున్నారు.

మంగళవారం పొద్దున్నే మొదటి సంవత్సరం నీలేశ్ ధుర్వే ఫిర్యాదు పట్టుకొచ్చాడు.

కాలేజీకి తలవంపులని డీన్ గారు తెగ బాధపడ్డారు. వంగింది మాత్రం నీలేశ్ తల. సీనియర్ ఎదురైతే జూనియర్ చూపు సొంత చొక్కా మూడో గుండీ మీదే నిలవాలన్నది ఆ హాస్టల్ ఆచారం. నీలేశ్ ఇరవై రెండు రోజులు నిలిపాడు. ఇప్పుడా చూపు అక్కణ్ణుంచి రానంటోంది. తనకు న్యాయం జరక్కపోతే సీటు వదులుకుని సొంతూరు మండ్లా వెళ్లిపోతానని ఫిర్యాదు అడుగున రాశాడు.

మంత్రి గారొచ్చేలోగా తేల్చేయాలని బుధవారం ఉదయం డీన్ గారి అధ్యక్షతన విచారణ కమిటీ కూర్చుంది. పదిమంది సీనియర్లు వరసగా నిలబడ్డారు.

"ఎవరో చూపించు బాబూ," అన్నారు డీన్ గారు.

"తెలీదు సార్."

"ఇరవై రెండు రోజులు పరిచయం జరిగిందంటావు, ఒక్కడితోనూ ముఖ పరిచయం లేదంటావు!"

"తలెత్తితే కొట్టేవాళ్లు సార్."

"అంటే చూళ్లేదు. చూడనిది సాక్ష్యం కాదు. రాసుకోండయ్యా."

కమిటీలోని మానసిక వైద్యురాలు పటేరియా గారు నీలేశ్ గడ్డం కింద వేలు పెట్టి పైకెత్తారు. వేలు తీయగానే తల మళ్లీ గుండీని చేరింది.

"తాత్కాలికం. రెండు వారాల్లో దానంతటదే పోతుంది," అని ఆవిడ తేల్చారు.

"బూట్లైతే గుర్తుపడతాను సార్," అన్నాడు నీలేశ్. "గుండీ కిందుగా నాకు కనిపించినవి అవే."

కమిటీలో విద్యార్థి ప్రతినిధి పుష్పేంద్ర చిరునవ్వు నవ్వాడు. పెద్దల ముందుకు బూట్లతో వెళ్లడం మర్యాద కాదని ఆ పదిమంది చేతా గుమ్మం బయటే విప్పించిన సంస్కారి అతనే.

నీలేశ్ చూపు పది జతల ఉత్త పాదాలు దాటి, కమిటీ బల్ల కిందికి దూరి, ఎర్ర లేసుల తెల్ల బూట్ల దగ్గర ఆగిపోయింది. పుష్పేంద్ర నవ్వు ఆపి కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"ఇవే సార్!"

"అవి కమిటీ కాళ్లు," అన్నారు డీన్ గారు గంభీరంగా. "విచారణ పరిధిలోకి రావు. నువ్వు మండ్లా బస్సు సంగతి చూసుకో నాయనా."

అంతలో తలుపు తోసుకుని మంత్రి గారు అరగంట ముందే వచ్చేశారు. ఆయనా ఈ కాలేజీలోనే చదివారు. డీన్ గారికి రెండేళ్లు సీనియర్.

"ఏరా చౌక్సే! ఎంత లావయ్యావురా! ఇక్కడ ర్యాగింగ్ గీగింగ్ ఏమైనా ఉందా?"

"లేదు సార్."

ఆ రెండు మాటల్లో నీలేశ్‌కి తన గొంతే వినపడినట్టయింది. మూడు వారాల తర్వాత మొదటిసారి తలెత్తి చూశాడు. ఎదురుగా డీన్ గారి బట్టతల నిగనిగలాడుతోంది. యాభై తొమ్మిదేళ్ల మనిషి చేతులు కట్టుకుని, మెడ వంచి, సొంత చొక్కా మూడో గుండీకి జవాబు చెబుతున్నారు.

ఆ వంగిన మెడను చూపిస్తూ నీలేశ్ పటేరియా గారి వైపు తిరిగాడు.

"రెండు వారాలన్నారు కదా మేడం?"