తణుకాయన చేపలు

మొదటి శీలావతి చేప పంచాయతీ ఆఫీసు గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి హెప్సిబా సర్పంచ్ కుర్చీలోనే ఉంది. కాళ్ళు మాత్రం పైకి పెట్టుకుంది. కింద నీళ్ళు పిక్కల లోతు ఉన్నాయి. అసలు సర్పంచ్ సుందరరావు పంచె ఎగ్గట్టి, బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"తూము ఎత్తించమ్మా. ఊరు మునిగిపోతోంది."

"ఊరు కాదండీ, ఆఫీసొక్కటే. పల్లంలో కట్టించింది మీరే కదండీ."

పొద్దున అనుకున్నది ఇది కాదు. యువతకు పరిపాలనలో చోటివ్వాలని పైనుంచి మాట రావడంతో, డిగ్రీ చదువుతున్న హెప్సిబాను ఒక్కరోజు సర్పంచ్‌గా కూర్చోబెట్టారు. దండ, ఫొటో, ఇడ్లీ, ఇంటికి. సుందరరావు వేసుకున్న లెక్క అంతే. వీడియో తీస్తున్నారు కదా అని మైకు అందుకుని, ఇవాళ ఈ అమ్మాయి మాటే నా మాట అని ఊరంతా వినేలా చెప్పాడు కూడా.

ఆమె చెప్పిన మాట ఒక్కటే. మంచినీళ్ళ చెరువుకు వెళ్ళే కాలువ తూము మూసెయ్యమంది.

వేసవి నుంచీ కుళాయిల్లో చేపల మేత కంపు. ఆ నీళ్ళు తాగే హెప్సిబా తమ్ముడు ఏలూరు ఆసుపత్రిలో పడ్డాడు. కాలువలోకి మురుగు వదిలే చేపల చెరువేదో అందరికీ తెలుసు. అది ఎవరిదో మాత్రం ఎవరికీ తెలియదు. కాపలావాడిని అడిగితే తణుకాయనదనేవాడు. ఆ తణుకాయనను చూసిన కన్ను ఊళ్ళో లేదు. గ్రామసభలో కుర్రాళ్ళు లేచినప్పుడల్లా సుందరరావుది ఒకటే జవాబు. పేరు పట్టుకొస్తే నోటీసు ఇస్తాడట. అందాకా చిన్నవాళ్ళు చిన్నవాళ్ళలా ఉండాలట.

తూము మూస్తే మురుగు వెనక్కి తన్ని, చెరువు సొంతదారు గడపకే పోతుందని హెప్సిబా ఎత్తు. ఆ చెరువులో చేపల పట్టుబడి సరిగ్గా ఇవాళేనని ఆమెకు తెలియదు. కైకలూరు నుంచి ఐసు లారీ వచ్చింది. నీరు తగ్గించడానికి చెరువు గొట్టాలన్నీ బార్లా తెరిచారు. అదే సమయానికి హెప్సిబా క్లాస్‌మేట్ ఫణికిరణ్ తూము పలకలు దించాడు. కాలువ ఎదురుతన్నింది, గట్టు తెగింది, చెరువు చేపలతో సహా రోడ్డెక్కింది.

వెనకాలే ఊరూ వచ్చింది, గంపలతో, బకెట్లతో. కృపమ్మ మంచం మీది దోమతెర ఊడదీసి తెచ్చింది. గట్టు దాటిన చేప పట్టినవాడిదేనని అక్కడి ఆనవాయితీ. సొంతదారు వచ్చి నావి అంటే మాత్రం ఎవరూ ముట్టుకోరు.

"ఎవరూ ముట్టుకోకండి," అన్నాడు సుందరరావు. "ఎవరి కష్టమో పాపం."

"ఎవరిదండీ?" అంది హెప్సిబా.

"నాకేం తెలుసు? తణుకాయనదంటారుగా." జేబులో ఫోను మోగింది. తెర మీద ఐసు లారీ అని కనబడగానే కట్ చేసేశాడు. "నువ్వు సాయంత్రానికి కుర్చీ దిగిపోయేదానివి. పెంకితనం మాని తూము ఎత్తించు."

"సాయంత్రం దాకా టైముందండీ," అని హెప్సిబా మైకు అందుకుంది. చేపల సొంతదారు ఆఫీసుకొచ్చి పేరు చెప్పుకుని చేపలు తీసుకెళ్ళవచ్చని, ఎవరూ రాకపోతే ఆనవాయితీ ప్రకారం ఊరివేనని చాటింది.

ఎవరూ రాలేదు. సుందరరావు చేపల వంక చూశాడు. పెద్ద బొచ్చె చేప ఒకటి ఆయన కాళ్ళ మధ్యనుంచి ఈదుకుంటూ పోయి, గుమ్మంలో కృపమ్మ పట్టిన దోమతెరలో పడింది.

అప్పుడే సుందరరావు తల్లి అచ్చమ్మ చేతికర్రతో నీళ్ళు తోసుకుంటూ వచ్చింది. నేరుగా దోమతెర పట్టుకుంది.

"వదలవే కృపమ్మా. ఊళ్ళో వాళ్ళందరూ దోచుకుపోతుంటే నోరు మూసుకు నిలబడ్డావేంట్రా సుందరం?"

"అమ్మా, నువ్వింటికి పో."

ఊరంతా ఆగింది. హెప్సిబా కాళ్ళు దించి, నీళ్ళలో నడిచి వచ్చి, మైకు ఆ ముసలామె నోటి దగ్గర పెట్టింది.

"మామ్మగారూ, ఈ చేపలు ఎవరివండీ?"

"ఎవరివేంటే? మా సుందరరావువి. చేపపిల్లలప్పటినుంచీ మేతేసి పెంచుకున్నాడు."

వెనకవాళ్ళకు వినపడలేదేమోనని అచ్చమ్మ మళ్ళీ చెప్పింది, ఈసారి ఇంటిపేరుతో సహా.