గుండ్లవంకలో ధ్రువం

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు, ఏడింటికే ఎండ చురుక్కుమంటోంది. ధ్రువ మంచు యాత్రకు ఇదే అనువైన వాతావరణమని రాసుకుని, ఉన్ని కోట్లు తొడుక్కున్న పదకొండు మంది రాయలసీమలోని గుండ్లవంకలో దిగారు.

గుండ్లవంకను ధ్రువప్రాంతంగా గుర్తిస్తూ ఉత్తర్వు వచ్చి అప్పటికి రెండు నెలలు. అసలు ధ్రువానికే పోవచ్చు గదా అని ఊళ్ళో ఎవరూ అడగలేదు. యాత్రానాయకుడు డాక్టర్ విరూపాక్షరావు అడక్కుండానే చెప్పాడు. అక్కడ యాడ తవ్వినా మంచేనట. ఉన్నచోట ఉన్నదాన్ని కనుక్కుంటే అది పరిశోధన కాదట.

తవ్వే చోటు కుళ్ళాయప్ప చేలో కుదిరింది. మూడెకరాల వేరుశనగ, ఊడలు దిగి ఉంది. ఒక్క తడి పడితే గింజ కడుతుంది, పడకపోతే లొట్టలే. అంతకుముందు వేయించిన నాలుగు బోర్లలోనూ దుమ్మే లేచింది. అందుకని బోరు లారీ వస్తోందనగానే కుళ్ళాయప్ప గట్టు తెగ్గొట్టి దారిచ్చాడు. వాళ్ళు దేనికోసం తవ్వితేనేం, బొక్క బొక్కే.

యాత్ర వాళ్ళ యంత్రం ఊరంతా మంచే చూపించింది. చివరికి కుళ్ళాయప్ప, నీళ్ళ జాడ చూసేవాళ్ళ లాగా, అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని చేలో తిరిగాడు. అది లేచి నిలబడిన చోట ముగ్గు పోశారు. రికార్డులో 'గోళాకార పరికరం, స్థానికం' అని రాసుకున్నారు.

కుళ్ళాయప్ప భార్య సుంకమ్మ మజ్జిగ ఇచ్చి, "మంచు దొరికితే ఏం జేస్తారు సార్?" అంది.

"కొలుస్తాం," అన్నాడు డాక్టరు.

"కొలిచినాక?"

"ఎంత ఉందో తెలుస్తుంది."

"తెలిసినాక?"

"అది ఇంకో యాత్ర పని."

"మా అత్త గూడా ఇంతే సార్. పొద్దున్నే గాదెలో గింజలు కొలిచి మళ్ళా గాదెలోనే పోసేది. పాపం, ఆమెకు ఉన్ని కోటు ఎవురూ ఇయ్యలే."

మూడో రోజు ఆరువందల నలభై అడుగుల కాడ నీళ్ళు ఎగదన్నాయి. కుళ్ళాయప్ప దోసిలి పట్టి, మొహం తడుపుకున్నాడు. డాక్టరు గడియారం చూసి రాశాడు: 'మంచు లభ్యం. యాత్ర చేరేలోపు కరిగింది.'

"ఇవి నీళ్ళు సార్."

"నీళ్ళంటే మీరు చేనుకు కడతారు."

"మంచే అనుకోండి. కరిగిపాయ గదా. ఒక్క తడి ఇడిసిపెట్టండి, మిగిలింది కొలుచుకోండి."

"తిరిగి గడ్డకట్టేదాకా ముట్టుకోరాదు. నిబంధన."

"ఎప్పుడు కడుతుంది?"

"అది చూడ్డానికే ఉంటున్నాం."

బోరు మీద ఇనుప మూత బిగించి తాళం వేశారు. కుళ్ళాయప్పను మంచుకు కాపలా వేసి ఉన్ని కోటు ఇచ్చారు. తాళంచెవి ఇవ్వలేదు. కాపలాకు చెవితో పని లేదు.

పంతొమ్మిది రోజులకు చేను మాడింది. డాక్టరు ఒక చెట్టు పీకి, కాయ నొక్కి చూశాడు. లొట్ట. ఆయన కుళ్ళాయప్ప చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ధ్రువంలో పైరు బతకదని పుస్తకాల్లో చదవడమే. కళ్ళారా చూపించింది మీ చేను."

కుళ్ళాయప్ప కోటు గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టుకున్నాడు.

యాత్ర జయప్రదమైందని పత్రికలో పడింది. ఆ వారంలోనే చుట్టుపక్కల నాలుగు ఊళ్ళు తమనూ ధ్రువంగా గుర్తించాలని అర్జీలు పెట్టుకున్నాయి. ఏదో ఒక పేరు మీద బోరు లారీ అయినా వస్తుందని.

యాత్ర వాళ్ళు వెళ్ళే రోజు మధ్యాహ్నం సుంకమ్మ సంగటి, శనగవిత్తుల ఊరుబిండి పచ్చడి తెచ్చింది. పన్నెండు మంది ఉన్ని కోట్లతో ఇనుప మూత చుట్టూ కూర్చున్నారు. తాగే నీళ్ళ టాంకరు ఇంకా రాలేదు. సగం ముద్ద మింగేసరికి డాక్టరుకు పొలమారింది. సుంకమ్మ ఆయన నడినెత్తి మీద తట్టింది. దగ్గు ఆగాక మూత కింద నీళ్ళ సద్దు అందరికీ వినబడింది. అందరూ ఒకసారి తాళం వైపు చూసి, తలలు వంచుకుని, మళ్ళీ తింటూ కూర్చున్నారు.