లక్ష పోట్లు తిన్న మౌస్

ఆర్నెల్లుగాడి నోరు మూయించాలన్నది టైలరుకు ఇరవై రెండేళ్లుగా తీరని కోరిక. ఆర్నెల్లు అంటే అతని బావమరిది. తక్కువ ధరకు ఎవరేం కొన్నా చేత్తో ఒకసారి తిప్పిచూసి "ఆర్నెల్లు" అంటాడు కాబట్టి టైలరే వాడికి ఆ పేరు పెట్టాడు. చెప్పుల జతకు ఆర్నెల్లే, గోడ ఫ్యానుకు ఆర్నెల్లే. అక్క పెళ్లి కుదిరిన రోజున, ఏడో తరగతితో బడి మానేసిన పెళ్లికొడుకును కూడా వాడు ఎగాదిగా చూసి అదే మాట అన్నాడట. ఆ పెళ్లికి ఇరవై రెండేళ్లు నిండాయి. టైలరు ఆ మాట మాత్రం మరిచిపోలేదు.

ఆ ఉదయం అతను వేసుకున్న పథకం చిన్నదే. ఆసుపత్రి వాళ్ల తెల్లకోట్లకు గుండీలు కుట్టెయ్యాలి. మధ్యాహ్నం కూతురు వచ్చేసరికి కొత్త మౌస్ పెట్టె విప్పి ఆమె చేతిలో పెట్టాలి. కూతురు జాకెట్ల కటింగు కాగితం మీద కాదు, కంప్యూటర్లో గీస్తుంది. ఆమె పాత మౌస్ చచ్చిపోయింది. కొత్తది వైరున్న గేమింగ్ మౌస్, షాపులో ఉన్నవాటిలో చౌకది. పక్కన రెండు చిన్న బొత్తాలు, అడుగున రంగు లైటు, కత్తెర పిడిలా అరచేతికి కుదిరే ఒంపు. ఆటలాడేవాళ్లు ఎంత బాదినా తట్టుకుంటుందట. రెండు కోట్ల నొక్కుళ్లకు పూచీ అని పెట్టె మీద రాసుంది.

అతను కూర్చునే షాపు మామగారిది. ఆయన పోయేముందు మధ్యలో ప్లైవుడ్ చెక్క కొట్టించి, కిటికీ వైపు సగం తన కూతురికి, అంటే టైలరు భార్యకు, లోపలి సగం కొడుక్కి ఇచ్చాడు. ఆ కిటికీ వెలుతురులో టైలరు నల్లగుడ్డ మీద నల్లదారం కూడా తప్పు లేకుండా నడిపిస్తాడు. లోపలి సగంలో కంప్యూటర్లు అమ్మే ఆర్నెల్లుకు ఆ కిటికీ మీద ఎప్పటినుంచో కన్ను. అక్కడ గేమింగ్ కుర్చీలు పెట్టి, దారినపోయేవాళ్లకు చూపించుకోవాలని వాడి ఆశ.

వాడు చెక్క పక్కనుంచి తల దూర్చి మౌస్ చూశాడు.

"నన్నడిగితే మంచిది ఇచ్చేవాణ్ణిగా బావా."

"నీ మంచిదాని ధరకి నాకింకో కుట్టుమిషనొస్తుంది."

వాడు మౌస్‌ను చేత్తో తిప్పాడు. "ఆర్నెల్లు."

"రెండు కోట్లని రాసుంది, కనపడట్లా?"

"రాయడానికేం బావా, ఎన్నైనా రాస్తాడు. కూర్చుని లెక్కపెట్టేదెవడు?"

"నేను."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం టైలరుకు చేతకాదు. అతని మిషను నిమిషానికి వెయ్యి పోట్లు పొడుస్తుంది. రెండు కోట్లంటే రాత్రింబవళ్లు పద్నాలుగు రోజులు పడుతుంది, ఈలోగా ఆసుపత్రి వాళ్లు తన్ని తగలేస్తారు. అందుకని బేరం లక్షకు తెగింది. వంద నిమిషాలు. మౌస్ చస్తే కిటికీ వైపు ఆర్నెల్లుది. బతికితే వాడు అక్క ముందు, మేనకోడలి ముందు "బావ కొన్నది మంచిది" అనాలి.

"నాకు కిటికీ, నీకు ఒక్క మాటా?" అన్నాడు ఆర్నెల్లు.

"ఆ మాట కోసమేరా ఇన్నేళ్లు ఆగాను."

టైలరు మిషనుకు సూది తీసేసి, కోటు భుజాల్లో పెట్టే స్పాంజి ముక్కను ఆ చోట బిగించాడు. మౌస్ ఎడమ బొత్తం సరిగ్గా దాని కిందికి వచ్చేలా పెట్టి, కదలకుండా అటూ ఇటూ గుడ్డపీలికలు కుక్కాడు. కరెంటు లేని మౌస్‌ను కొట్టడం పరీక్షే కాదని ఆర్నెల్లు పేచీ పెట్టి, వైరును చెక్క సందులోంచి లాగి తన కంప్యూటరుకు గుచ్చాడు. లైటు ఎర్రగా వెలిగింది. ఆ కంప్యూటరు తెర మీద, పొద్దున వాడు సగం నింపి వదిలేసిన ఆర్డరు ఉంది: గేమింగ్ కుర్చీలు, నాలుగు. దాన్ని మూసెయ్యాలని వాడికి తట్టలేదు. చెక్క అవతలి తెర టైలరుకు కనపడదు. మౌస్ చావు అక్క కూడా చూడాలంటూ, ఛార్జింగులో ఉన్న ఫోను సంగతే మరిచిపోయి, వాడు అక్కను పిలుచుకురావడానికి వెళ్లాడు.

టైలరు పెడలు తొక్కాడు. మిషను అదురుకు మౌస్ వెంట్రుకవాసి చొప్పున జరిగింది. అవతల తెర మీద బాణం గుర్తూ జరిగింది. కుర్చీల సంఖ్య పక్కనున్న ప్లస్ గుర్తు మీద అది నిలిచింది ఆరు సెకన్లే. కానీ నిమిషానికి వెయ్యి పోట్ల మిషనుకు ఆరు సెకన్లంటే వంద. ఆ తరవాత బాణం కిందికి జారి, ఆర్డరు ఖరారు చేసే బొత్తం మీద పడింది.

నలభయ్యో నిమిషంలో ఆర్నెల్లు ఫోను మోగింది. టైలరు పెడలు మీద కాలు తీయకుండా, చెక్క సందులోంచి చెయ్యి పెట్టి అందుకున్నాడు. కుర్చీల గోడౌనులో పనిచేసే అమ్మాయి.

"నూటనాలుగు కుర్చీలు ఆర్డరు వచ్చింది సార్. ఎప్పుడూ నాలుగైదే కదా. మీది చిన్న షాపు, పొరపాటున కొట్టారేమోనని అడుగుతున్నాం. ఇప్పుడైతే రద్దు చేస్తాం. లారీ ఎక్కాక వెనక్కి తీసుకోం."

టైలరు గడియారం చూశాడు. ఆర్నెల్లును వెతికి అడగాలంటే కాలెత్తాలి, కాలెత్తితే పందెం పోతుంది. చిన్న షాపన్న మాట గుచ్చుకుంది. అదీగాక, ఆర్నెల్లు గొప్పలకు పోయి నూటనాలుగు కుర్చీల కింద పడతానంటే పట్టుకుని ఆపడానికి తనెవరు?

"పంపించండమ్మా. ఇక్కడ వెనక్కి తగ్గే మనుషులు లేరు."

"ఎవరు చెప్పారని రాసుకోమంటారు సార్?"

"టైలరని రాసుకోండి. బావనని కూడా రాసుకోండి."

వంద నిమిషాలు నిండేసరికి ఆర్నెల్లు, వాడి అక్క, టైలరు కూతురు ముగ్గురూ నిలబడి ఉన్నారు. కూతురు మౌస్‌ను తీసి తన కంప్యూటరుకు తగిలించి ఒక కాలరు ఒంపు గీసింది. ఎడమ బొత్తం, కుడి బొత్తం, మధ్య చక్రం అన్నీ నొక్కి చూసింది.

"బాగుంది నాన్నా. వైరు కొంచెం బిరుసు, లైటు దండగ. గీత మాత్రం ఎక్కడా తెగట్లేదు."

"ఊఁ, కానివ్వు," అన్నాడు టైలరు బావమరిదితో.

"బావ కొన్నది..." ఆర్నెల్లు గొణిగాడు.

"నాకు వినపడలేదు. ఆ మూల చెప్పుల షాపువాడికి కూడా వినపడాలి."

"బావ కొన్నది మంచిది," అని వాడు అరిచాడు. వాడి మాట పూర్తవుతుండగానే బయట లారీ హారన్ మోగింది.

గోడౌను నాలుగు వీధుల అవతలే. డ్రైవరు చూపించిన కాగితం మీద నూటనాలుగు అనీ, చెప్పినవారు టైలరు, బావ అనీ ఉంది. ఆర్నెల్లు తన తెర దగ్గరికి పరిగెత్తి, చూసి, అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. టైలరు భార్య తమ్ముడి వైపు చూడలేదు.

"పెడలు మీద కాలెవరిదండీ?"

"నాదే."

"ఫోనెత్తి పంపమన్నదెవరు?"

"నేనే. పందెం గెలిచిందీ నేనే, అది కూడా చెప్పు."

"గెలిచారు, ఎవరు కాదన్నారు. లేవండి, మిషను జరపాలి."

లోపలి సగంలో అరవై ఎనిమిది పెట్టెలే పట్టాయి. మిగిలిన ముప్పై ఆరూ కిటికీ పక్కన, పైకప్పు దాకా నిలబడ్డాయి. టైలరు వెనకగోడ దగ్గర, బల్బు కింద మిషను వేసుకుని, నల్లకోటు చేతిలోకి తీసుకుని, తల ఎత్తే కూర్చున్నాడు.

"అమ్ముడయ్యేదాకానేరా," అన్నాడు. "ఎన్నాళ్లు పడుతుంది?"

బావమరిది ఒక పెట్టెను చేత్తో అటూ ఇటూ కదిపి చూశాడు. "ఆర్నెల్లు."

టైలరు మెడలోని టేపు తీసి తనే కొలుచుకున్నాడు. పోయింది ఏడడుగుల రెండంగుళాల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు, కిటికీతో సహా.