నల్లకోటు వెనకాల నాలుగు కిలోమీటర్లు

వరసగా మూడో తెల్లవారుజామున కూడా అదే నల్లకోటు, కళ్ళ మీదికి దించుకున్న అదే టోపీ, ముఖం కనపడని అదే మనిషి సరిగ్గా ఐదూ నలభైకి తన గేటు ముందునుంచి నడిచిపోవడం కనిపెట్టి, చలపతిరావు కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"శ్యామలా, ఇలాంటివి పసిగట్టే బుర్ర జూబ్లీహిల్స్ మొత్తానికి ఒక్కటే ఉంది. అది ప్రస్తుతం నీ ఎదురుగా కూర్చుని ఉంది."

"కూర్చునే ఉంది," అంది భార్య శ్యామలాదేవి.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేకపోలేదు. కరెంటాఫీసులో రిటైరైంది మొదలు ఆయన పేము కుర్చీలోనే డిటెక్టివ్ సీరియళ్ళు చదువుతూ హంతకుల్ని పట్టేస్తున్నాడు. షుగరు రెండు వందల ఎనభై. నెలపాటు నడిచి దాన్ని దించకపోతే రోజూ ఇన్సులిన్ పొడుచుకోవాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు. సూది పేరు వింటేనే కళ్ళు తిరిగే మనిషి, అయినా లేవలేదు. అపరాధ పరిశోధకుడు మెదడుతో నడుస్తాడట.

కానీ ముఖం దాచుకున్న మనిషిని వదిలెయ్యడం ఆయన వల్ల కాదు. అది 1999, ఊళ్ళో ఎక్కడ చూసినా కంప్యూటర్ల గోల. హైటెక్ సిటీ రహస్యాలు దేశం దాటిపోతున్నాయని నిర్ధారించుకుని, చెప్పులు తొడుక్కుని బయల్దేరాడు.

నల్లకోటు ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కితే తనూ ఎక్కాడు. దిగితే దిగాడు. తను ఆయాసమొచ్చి ఆగితే, వాడూ ఆగి బూటు లేసు కట్టుకునేవాడు. దాన్ని 'కరుడుగట్టిన ధూర్తత' అని నోటుబుక్కులో రాసుకున్నాడు. వాడి కుడిజేబు ఉబ్బెత్తుగా కనిపిస్తే 'పిస్తోలు' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. పదిహేను రోజుల్లో ఒక్క ఆచూకీ దొరకలేదు గాని, బెల్టుకు రెండు కొత్త రంధ్రాలు పడ్డాయి. షుగరు నూట అరవైకి దిగింది. ఇందులో శత్రువుల హస్తం ఉందేమోనని రక్తపరీక్ష మళ్ళీ చేయించాడు.

పదహారో రోజు మలుపులో ఏదో షూటింగు. నల్లకోటు జనాన్ని తప్పించుకుంటూ పోతుంటే డైరెక్టరు మైకులో "కట్" అన్నాడు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి వాడు ఆగిపోయాడు. వెనకే వస్తున్న చలపతిరావు ఆగలేక వాడి వీపుకు గుద్దుకున్నాడు. టోపీ దొర్లింది. పిస్తోలు పగిలి రోడ్డంతా తెల్లటి గ్లూకోజు పొడి.

టోపీ కింద ఉన్నది రాములు. తమ ఇంట్లో పనిచేసే పుష్పవల్లి భర్త, యూసుఫ్‌గూడలో ఉంటాడు. సినిమాల్లో హీరోల వెనక అటూ ఇటూ నడిచే వేషాలు ఇరవై ఏళ్ళుగా వేస్తున్నాడు.

"మాఫ్ చెయ్యండి సార్. 'కట్' అన్నంక నాకు కాలు ముందుకు పడదు. గా పొట్లం, మీరు కళ్ళు తిరిగి పడితే నోట్ల పొయ్యమని అమ్మ ఇచ్చింది."

"ఏ అమ్మ?"

రాములు టోపీ దులిపి ఆయన చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి టోపీ బల్లమీద పెడితే, శ్యామలాదేవి చక్కెర లేని కాఫీ కలుపుతూనే ఒప్పుకుంది.

"నేనేనండీ రాముల్ని పెట్టింది. డాక్టరు చెప్పాడు, లేవలేదు. నేను ఏడ్చాను, లేవలేదు. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను, తెలిసిన ముఖమేదీ మిమ్మల్ని కూర్చున్న చోటునుంచి కదపలేదు. ముఖం కనపడనివాడైతే ఎంత దూరమైనా వెళ్తారు. రేపట్నుంచి రాములుకి షూటింగట. ఆ టోపీ ఇటివ్వండి, నేనే పెట్టుకుని ముందు నడుస్తాను. నేనెవరో తెలియనట్టే వెనకాల రండి."